అవునన్న నోరు

ధనకోటమ్మకు కాదనడం చేతకాకుండా పోయింది. అదీ ఆమె జబ్బు. డాక్టరుకు చెప్పుకునే జబ్బు కాదు గనుక గురువమ్మ దగ్గరికి వచ్చింది.

గురువమ్మ అంటే చెన్నమ్మ గారు. పూజలూ మొక్కులూ లేని అచల మార్గంలో గురువు. ఊరి బయట, చేపల చెరువులు దాటాక, ఒక రేకుల షెడ్డే ఆవిడ మఠం. విగ్రహం లేదు, హుండీ లేదు. మొగుడు పోయిన ఏడు ధనకోటమ్మ ఆవిడ దగ్గరే ఉపదేశం తీసుకుంది. ఆ తర్వాతే బడి కమిటీ, ఆ తర్వాతే రాజకీయం. ఆదివారం మధ్యాహ్నం కారునీ, గన్‌మెన్‌నీ, పీఏ మురహరినీ గేటు బయటే ఉంచి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. చాప మీద కూర్చోవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. గోడ పట్టుకుని కూలబడింది.

ఒకప్పుడు ఈమె ఊళ్ళో బడి కమిటీ ఛైర్మన్. ఆడవాళ్ళకే ఇవ్వాలని పైనుంచి ఆర్డరు వచ్చింది కాబట్టి ఇచ్చారు. తలూపే గంగిరెద్దు దొరికిందని ఊరి పెద్దలు మురిసిపోయారు. మొదటి నెల్లోనే ఆ మురిపెం తీరిపోయింది. తరగతి గది కట్టడానికి ఉప్పు ఇసుక తెస్తే లారీకి అడ్డంగా నిలబడి కాదంది. పిల్లలకు పెట్టే కోడిగుడ్లు నీళ్ళలో తేలితే కాదంది. తాను రాని రోజులకు కూడా వచ్చినట్టు సంతకం పెట్టమని హెడ్మాస్టరు బతిమాలితే, పెన్ను ఆయన చేతిలోనే పెట్టి కాదంది. అరిచేది కాదు. ఒక్కసారి అనేది. ఆ తర్వాత ఆ మాట తిప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఆ కాదు విని జనం ఆమెను జడ్పీటీసీని చేశారు. ఆ కాదు విని పార్టీ పిలిచి మరీ అసెంబ్లీ టికెట్టు ఇచ్చింది. ఏది చూసి తెచ్చుకున్నారో, దాన్నే గుమ్మం బయట విడిచి లోపలికి రమ్మన్నారు.

అసెంబ్లీలో పని సులువు. స్పీకరు గారు బిల్లు పేరు చదివి, అనుకూలమైనవారు అవును అనండి అంటారు. అధికార పార్టీ వాళ్ళంతా అంటారు. వ్యతిరేకులు కాదు అనండి అంటారు. ఎదుటి బెంచీలవాళ్ళు అంటారు, ఆ గొంతులు చాలవు. అయిపోయింది, చట్టం పుట్టింది. మొదట్లో ధనకోటమ్మ బిల్లు చదివి, మథనపడి, అవునంది. కొన్నాళ్ళకు చదవకుండా అంది. రెండోసారి గెలిచాక స్పీకరు మాట పూర్తికాకముందే నోరు అనేస్తోంది. బయట వాన పడుతోందా అమ్మమ్మా అని మనవరాలు అడిగినా అవునంటోంది, ఎండ పేల్చేస్తుంటే.

రేపు సభకు వచ్చేది బడుల బిల్లు. పిల్లలు తక్కువున్న బడులు మూసేసి, దూరంగా ఉన్న పెద్దబడిలో కలిపేస్తారు. ఆమె లారీకి అడ్డంపడి కట్టించిన బడి కూడా అందులో పోతుంది. కాదంటే వచ్చే ఎన్నికల్లో టికెట్టు పోతుంది. పార్టీ విప్ ఫోన్ చేసి ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పినవే ఎక్కువ కాలుస్తాయి.

ఇదంతా చెప్పుకుంది. గురువమ్మ చాటలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ విన్నది.

“పార్టీ లేకపోతే నేనెవర్ని? ఆ విశ్వాసం ఉండాలి గదమ్మా,” అంది ధనకోటమ్మ.

“అవును,” అంది గురువమ్మ.

“నేనొక్కదాన్ని కాదంటే ఆగేదా? లోపలుంటే పిల్లలకు బస్సన్నా వేయించొచ్చు.”

“అవును.”

ధనకోటమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిగ్గా తేలిపోతుందనుకోలేదు. ఇక లేచి వెళ్ళిపోవచ్చు. కానీ లేవలేకపోయింది.

“బస్సు సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదనుకోండి. బస్సు రాకపోతే ముందు ఆడపిల్లలే బడి మానేస్తారు.”

“అవును.”

“అంటే రేపు కాదనమంటారా?”

“అవును.”

“టికెట్టు పోతుందమ్మా. ఇంట్లో కూర్చోవాలి. పలకరించే దిక్కుండదు.”

“అవును.”

“మరి... అవుననేదా?”

“అవును.”

గోరుచిక్కుడు విరిగినంత చప్పుడే ఆ మాటకూ. అదే తీరు, అదే గొంతు. ధనకోటమ్మకు మండింది. ఇంత దూరం వచ్చింది ఆటలాడించుకోవడానికా అంది. రాత్రుళ్ళు నిద్ర లేదంది, అలిసిపోయానంది. దానికీ గురువమ్మ తలెత్తకుండా అవునంది.

రేకులు ఎండకు టప్ టప్‌మంటున్నాయి.

“పోనీ, ఇదొక్కటి చెప్పండి. నేను మంచిదాన్నేనా?”

ఇన్నేళ్ళూ ఇది అడగడానికే ఇక్కడికి వస్తున్నానని, అడిగేశాక గాని ఆమెకు తెలియలేదు.

“అవును,” అంది గురువమ్మ.

కోరుకున్న మాటే. కోరుకున్న మనిషి నోటి నుంచే వచ్చింది. ఊకంత బరువు కూడా లేదు. ధనకోటమ్మ కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

గురువమ్మ చాట పక్కన పెట్టి, నడుం పట్టుకుని లేచి, వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. చెంబు నింపుకుని, ఒకసారి పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. ధనకోటమ్మ వెనకే వచ్చి నిలబడింది.

“ఒక్క పూటకే నోరు చప్పబడిపోయిందే,” అంది గురువమ్మ మూతి తుడుచుకుంటూ. “నువ్వెట్లా వేగావే ఇన్నేళ్ళు?”

ఎత్తిపొడుపు కాదది. పెద్దావిడ నిజంగానే అడిగింది. అడిగి, చెంబు ఆమె చేతికిచ్చింది.

ధనకోటమ్మ నోటి నిండా నీళ్ళు పోసుకుంది.

అప్పుడే మురహరి ఫోను పట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. విప్ గారు లైన్లో ఉన్నారని, రేపటి సంగతి ఇప్పుడే ఖాయంగా చెప్పమంటున్నారని అన్నాడు.

“అవునని చెప్పెయ్యనా మేడమ్?”

అడగడం మర్యాదకే. జవాబు కోసం ఆగాల్సిన అవసరం అతనికి ఎన్నడూ పడలేదు. ఫోను చెవి దాకా తీసుకుపోయినవాడు ఎందుకో చెయ్యి ఆపాడు. మేడమ్ బుగ్గలు నీళ్ళతో ఉబ్బి ఉన్నాయి. కళ్ళు అతని మీదే ఉన్నాయి.

ఫోన్లోంచి హలో, హలో అంటున్నారు.

ధనకోటమ్మకు ఉమ్మే తొందరేమీ ఉన్నట్టు లేదు.