మళ్ళీ వస్తానన్న తవిటయ్య

కూర్మదాసు గారి దగ్గర జవాబు దొరకడం కష్టం, మజ్జిగ దొరకడం తేలిక. ఎవరు ఏ సందేహంతో వచ్చినా ముందు గ్లాసెడు మజ్జిగ ఇప్పిస్తారు. అది ఖాళీ అయ్యేదాకా పెదవి విప్పరు. దాహంతో అడిగే ప్రశ్న వేరు, దాహం తీరాక మిగిలే ప్రశ్న వేరు అని ఆయన లెక్క. నాబోటి వాళ్ళం మజ్జిగ తాగేసి, అడగవలసింది మరిచిపోయి, దణ్ణం పెట్టి వచ్చేసిన రోజులే ఎక్కువ.

లింగమూర్తి మాత్రం మరిచిపోలేదు. ఆయన శిష్యుల్లో చిన్నవాడు, మాటకారి. కొండ దిగువన ఒక ఊళ్ళో కొత్తగా కట్టిన మందిరాన్ని చూసుకోమని అతన్ని పంపారు. అక్కడ ఒక తాగుబోతు మెట్ల మీద గొడవ చేస్తుంటే ఇతను “నీ కాళ్ళు పడిపోనూ!” అని కసిరాడట. వాడు మర్నాడే గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకేముంది! అప్పట్నుంచి ఇతను వీధిలోకి వస్తే జనం చెప్పులు విడిచి పక్కకు తప్పుకుంటున్నారు.

“ఇంటింటా నా ఫొటో పెట్టుకుంటున్నారండీ,” అన్నాడు లింగమూర్తి. సిగ్గుపడుతూనే అన్నాడు గాని, నాకు ఆ సిగ్గులో సంతోషమే ఎక్కువ కనిపించింది. “ఇంతమంది దణ్ణాలు పెడుతున్నారు. ఇది నిజమైన భక్తేనని ఎలా తెలుసుకోవాలి, గురువుగారూ?”

అడిగింది సందేహం, కావలసింది మెప్పు. ఆ మాత్రం నాకే తెలిసినప్పుడు ఆయనకు తెలియదా! ఖాళీ గ్లాసు అందుకుని, “తవిటయ్య తెలుసునా నీకు?” అన్నారు. తెలియదన్నాడు. అప్పుడు చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయడం నా వల్ల కాదు. తవిటయ్యను నేనూ ఎరుగుదును కనక నాకు తెలిసిన ముక్కలు కూడా ఇందులో కలుస్తాయి.

ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే, తవిటయ్యను పుట్టగానే పొరుగింటివాళ్ళ చేతుల్లో పెట్టి, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కున్నారు. చావు కళ్ళు కప్పడానికి పెట్టిన పేరన్నమాట. చివరికి ఆ చావే అతనికి కూడు పెట్టింది. పట్నంలో అతనిది చిన్న వ్యాపారం. శవాన్ని పాడవకుండా ఉంచే ఫ్రీజర్ పెట్టె చావు జరిగిన ఇళ్ళకు అద్దెకిస్తాడు. దాన్ని మోసుకుపోవడానికి ఒక తెల్ల వ్యాను ఉంది. ఫోను చేస్తే ఏ వేళైనా వస్తాడు. పెట్టె దింపి, కరెంటు కలిపి, ఏడ్చేవాళ్ళకు అడ్డం రాకుండా గోడవార నిలబడతాడు. లేనివాళ్ళ దగ్గర డబ్బు మాటెత్తడు.

మంచివాడు. అందరూ మంచివాడనే అంటారు. కానీ శుభకార్యానికి ఒక్కరూ పిలవరు. వీధిలో పెళ్ళంటే ఆడవాళ్ళు గడపగడపా ఎక్కి బొట్టు పెట్టి పిలుస్తారు గదా, అతని గడప మాత్రం చూడనట్టు దాటిపోతారు. అతని భార్య నరసమ్మ తలుపు చాటున నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి తవిటయ్య గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి మనిషి, వార్డు మెంబరుగా కూడా ఎప్పుడూ నిలబడనివాడు, ఏకంగా పార్లమెంటుకు స్వతంత్రంగా నామినేషన్ వేశాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని పట్నమంతా నవ్వింది. నిజానికి అతనికి ఢిల్లీ అక్కర్లేదు. ఓటు అడిగేవాడు ఎవరి గుమ్మమైనా ఎక్కవచ్చు. ఆడవాళ్ళు హారతి పడతారు, బొట్టు పెడతారు, కుర్చీ వేస్తారు. నలుగురూ నవ్వుతున్న ఇంట్లో కూర్చుని ఒక్కసారి కాఫీ తాగాలి. అతని ఆశంతా అదే. గుర్తు కాలింగ్ బెల్లు వచ్చింది.

చావింటికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు “వెళ్ళొస్తాను” అనరు. అనకూడదు. తవిటయ్య వయసంతా అలాగే, చెప్పాపెట్టకుండా గడపలు దిగిన మనిషి. ప్రచారంలోనూ ఆ అలవాటు పోలేదు. దణ్ణం పెట్టడం, కరపత్రం ఇవ్వడం, తల వంచుకుని దిగిపోవడం. వెంట తిరిగే బావమరిది సింహాచలానికి ఒళ్ళు మండింది.

“ఏటి బావా, మూగోడిలాగ వచ్చీస్తున్నావు? మళ్ళీ వస్తానని గట్టిగా సెప్పు. అప్పుడే కదా గుర్తుంటావు!”

సరేనన్నాడు. ఆ రోజు వెళ్ళింది గెడ్డవలస. మొదటి ఇల్లు పోలమ్మది. ముసలామె తన చేత్తో హారతిచ్చింది, కుర్చీ వేసింది, స్టీలు గ్లాసులో కాఫీ పోసింది. అరుగు మీద మంచంలో ఆమె మొగుడు దగ్గుతూ కబుర్లు చెప్పాడు. తవిటయ్య సంతోషంతో ఆ కాఫీని ఆపి ఆపి గుక్క గుక్కగా తాగాడు. ఆ సంతోషంలోనే లేచి, “వెళ్ళొస్తానమ్మా. మళ్ళీ వస్తాను,” అన్నాడు.

పోలమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. మంచం వైపు ఒకసారి చూసింది. తవిటయ్య అది గమనించనే లేదు. ఆ వీధి పొడుగునా ప్రతి గడపలోనూ అదే మాట హుషారుగా చెప్పుకుంటూ పోయాడు.

వారం తిరక్కుండా పోలమ్మ మొగుడు పోయాడు. ఫోను వచ్చింది. తవిటయ్య పెట్టెతో వెళ్ళాడు. ఆమె ఏడవడం ఆపి అతని వంక చూసి, “వస్తానన్నావు. వచ్చినావు,” అంది. కోపంగా కూడా అనలేదు. తవిటయ్య తల వంచుకుని పెట్టె దింపాడు. ఇంకొన్నాళ్ళకు అదే వీధిలో ఇంకో ఇంటి నుంచి ఫోను. ఆ తరవాత మరొకటి. నడివేసవి ఎండలు, ముసలీ ముతకా రాలిపోయే కాలమే. అందరికీ తెలుసు. తెలిసినా సరే, వ్యాను చప్పుడు వినిపిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు.

మళ్ళీ ప్రచారానికి వెళ్ళిన రోజు ఊరి ముందు గెడ్డ వాగు మీది కల్వర్టు దగ్గరే ఊరి పెద్దలు ఎదురొచ్చారు. వాళ్ళ వెనకాల ఊరు ఊరంతా ఉంది. అందరి చేతులూ జోడించి ఉన్నాయి.

“బాబూ, మా ఊరి ఓట్లన్నీ నీవే,” అన్నాడు పెద్దాయన. “అమ్మోరి తోడు. ఒక్కటీ పక్కకు పోదు. నువ్వు మాత్రం మా ఊళ్ళోకి రావద్దు.”

సింహాచలం ఎగిరి గంతెయ్యలేదంతే. తవిటయ్యకు మాత్రం గొంతు దాకా ఒక మాట వచ్చింది. మీ ఓట్లు నాకొద్దు, ఒక్క పూట మీ ఇంట్లో కూర్చోనివ్వండి చాలు అని. అని ఉంటే ఏమయ్యేదో! కానీ జోడించిన ఆ చేతుల్ని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతనికి అంతమంది దణ్ణం పెట్టడం అదే మొదలు. చూడటానికి బాగానే ఉన్నాయి. మాట మింగేసి తనూ దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు. ఇంక ఊళ్ళో పని లేదు గదా అని సింహాచలం పోస్టర్ల కట్ట కల్వర్టు మీదే వదిలేశాడు.

ఎన్నికల్లో డిపాజిట్టు పోయింది. అందులో వింత లేదు. వింతల్లా గెడ్డవలసే. ఆ ఊరి బూత్‌లో పడిన ఓట్లన్నీ కాలింగ్ బెల్లుకే పడ్డాయి, అక్కడ కూర్చున్న పెద్ద పార్టీ ఏజెంటు ఓటుతో సహా.

మనిషి మనసు ఎంత పిచ్చిదో చూడండి. తవిటయ్య జరిగిందంతా మరిచిపోయాడు. “నేనంటే ఇష్టం లేకపోతే ఊరంతా ఏసీస్తారా నరసా?” అన్నాడు భార్యతో. ఆమె కూడా నమ్మింది, పాపం. కూర్చుని బెల్లం సున్నుండలు చుట్టి మూట కట్టి ఇచ్చింది. వాళ్ళింటి నుంచి ఒకరింటికి మిఠాయి వెళ్ళడం అదే మొదటిసారి.

ఎవరూ జడుసుకోకూడదని వ్యాను తీసుకెళ్ళలేదు. బస్సు దిగి, కల్వర్టు దాటి, పట్టపగలు నడిచి వెళ్ళాడు. మొదటి ఇంటి తలుపు మీద తన పోస్టరు ఉంది. పక్కింటి మీదా ఉంది. సింహాచలం వదిలేసిన కట్టను వాళ్ళే తెచ్చుకుని అంటించుకున్నారు. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పోస్టరు లేని తలుపు ఒక్కటైనా లేదు.

వీధి సగం నడిచాక గాని అసలు సంగతి తట్టలేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అరుగు మీద ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. ఎవరో కాల్చి వదిలేసిన చుట్ట ఇంకా పొగలు కక్కుతోంది. ఒక ఇంట్లో కుక్కరు కూత వేసింది, ఎవరూ కదిలిన అలికిడి లేదు. కుక్కలు అతన్ని చూస్తూ పడుకున్నాయి, మొరగలేదు. అన్ని తలుపుల మీదా తనే నిలబడి తనకు దణ్ణం పెడుతున్నాడు.

పోలమ్మ గుమ్మం ముందు ఆగి, “అమ్మా,” అని పిలిచాడు. తలుపుకి అవతల, చాలా దగ్గర్లో, ఎవరో ఊపిరి బిగబట్టారు. తరవాత ముసలి గొంతు సన్నగా వణుకుతూ వచ్చింది.

“ఓట్లేసీసినాం కదా బాబూ! ఊరంతా నీకే ఏసీసినాం. తలుపుకి నీ బొమ్మ కూడా అంటించీసినాం. మరింకెందుకొచ్చినావు?”

తవిటయ్య మూట అరుగు మీద పెట్టాడు. వెళ్ళొస్తానని అనకుండా, అలవాటుగానే గడప దిగాడు. కల్వర్టు దాటుతుంటే వెనక నుంచి గడియలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు, ఆ తరవాత పిల్లల నవ్వులు వినిపించాయి.

“అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు,” అన్నారు కూర్మదాసు గారు. “మజ్జిగ ఇప్పించాను. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఏమనాలో తెలియక నిలబడిపోయాడు. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళు తవిటయ్యా, అన్నాను.”

ఎనభై దాటిన మనిషి ఆ మాట అంత మామూలుగా చెప్పేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. లింగమూర్తి తల వంచుకుని కూర్చున్నాడు. “మరి నా ప్రశ్న, గురువుగారూ?” అన్నాడు.

ఆయన గ్లాసు కడిగి బోర్లించారు.

“ఇంటింటా నీ ఫొటో పెట్టుకున్నారన్నావు గదా. గుమ్మానికి లోపల పెట్టారా నాయనా, బయటా?”