చుక్కావు కొన్న బీడు

రండర్రా, దగ్గరికి జరగండి. చంటీ, ఆ కాలు తమ్ముడి మీంచి తియ్యి. బుజ్జీ, నువ్విలా నా పక్కకి రా. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకున్నారా? ఇది ఆవుల కథ, ఆయన కూడా వింటూ ఉంటాడు. మధ్యమధ్యలో ఊ కొట్టాలి మరి. ఊ ఆగిపోతే నా ఆవు కూడా దారిలో ఆగిపోతుంది.

అనగనగా నాలుగు కొండల అవతల ఒక ఊళ్ళో చెంచురామయ్య అని పశువుల ఆసామి ఉండేవాడు. పెద్ద మంద. ఆవులన్నిటికీ పెద్దది చుక్కావు, నుదుటి మీద తెల్లగా చుక్క. చెంచురామయ్య మంచివాడే, పూజ చెయ్యందే మంచినీళ్ళు ముట్టడు. అయితే ఆయనకి దెయ్యమంటే మహా భయం. సందె పడితే గుమ్మం దాటడు. తలుపు కిర్రుమంటే ఆంజనేయ దండకం, పిల్లి దూకితే ఆంజనేయ దండకం, తన నీడ తనకే అడ్డొస్తే మళ్ళీ ఆంజనేయ దండకం. భార్య పోయింది. కొడుకు ఉన్నాడు గానీ వాడికి పాలు పితకడం తప్ప లోకం పట్టదు. ఇంట్లో నోరూ బుర్రా ఉన్నది కోడలు పేరిందేవికే.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారికి లేళ్ళని పెంచాలని సరదా పుట్టింది. ఊరి పచ్చికంతా దడి కట్టించి లేళ్ళకిచ్చేశాడు. లేళ్ళు తింటున్నాయి, ఆవులు చూస్తున్నాయి. వేసవి వచ్చేలోగా మేతకి బీడు కొనాలి, లేకపోతే మందనంతా సంతకి తోలాలి. చెంచురామయ్య చేతిలో ఉన్నది చనిపోయిన భార్య కాసులపేరు ఒక్కటే. అది పెట్టి కొన్న బీడు మంచిదయితే మంద నిలుస్తుంది. కాకపోతే కాసులపేరూ పోతుంది, మందా పోతుంది.

ఊ కొడుతున్నారా?

అప్పుడు గవరయ్య అని ఒకాయన వచ్చాడు, నోట్లో బెల్లం పెట్టుకుని పుట్టినవాడు. తన బీడు అమ్ముతానన్నాడు. గూడుబండి కట్టి, మెత్తని బొంత పరిచి, దారిలో పూతరేకులు తినిపిస్తూ తీసుకెళ్ళాడు. వానలు కొత్తగా వెలిసిన రోజులు, ఎటు చూసినా పచ్చగా ఉంది. గవరయ్య బండిలోంచే చెయ్యి చాపి, గట్టు చూడు, గట్టు పక్కన చెట్టు చూడు, చెట్టు కింద పచ్చని పట్టు చూడు అని పాటలాగా చెప్పాడు. చెంచురామయ్య అన్నీ విని ఒక్కటే అడిగాడు:

"అది సరేగానీ, దెయ్యం ఉందా?"

గవరయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. ఇందులో లేదు, పక్క బీట్లో ఉంది, బుల్లెమ్మ దెయ్యం, రాతికట్టు దాటి ఇటు రాదు అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే, పాపం. పక్కన దెయ్యం ఉందని విన్నాక చెంచురామయ్య బండి దిగితే ఒట్టు. బండిలోంచే చూశాడు, బండిలోంచే బాగుందన్నాడు.

ఇంటికొచ్చి, మంచి రోజు చూసి కాసులపేరు ఇచ్చేస్తానన్నాడు. పేరిందేవి గిన్నెలు తోముతూ, మామయ్యా, నీళ్ళెలా ఉన్నాయి అంది. దెయ్యం లేదన్నాడు. గడ్డి నమిలి చూశారా అంది. దెయ్యం లేదన్నానుగా అన్నాడు. మంద వెళ్ళే దారి ఎవరిది అంది.

"ఏం పిల్లవమ్మా నువ్వు, దెయ్యం లేదని మనిషి ప్రమాణం చేస్తే ఇంకా దారీ డొంకా అంటావు," అని కసిరాడు.

ఆ పిల్ల వాదించలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగింది. "మామయ్యా, కొత్తింట్లోకి ముందు ఎవరు అడుగు పెడతారు?"

"గోమాత. అది కూడా తెలీదా?"

"మరి బీడంటే మన ఆవులకి ఇల్లే కదా. ఇల్లు కుదుర్చుకోకముందే చుక్కావు చేత అడుగు పెట్టిస్తే?"

భక్తుడు కదా, చెంచురామయ్య కాదనలేకపోయాడు. గవరయ్యా కాదనలేకపోయాడు. గోవు కాలు పెట్టకూడదని ఏ నోటితో అంటాడు? అలాగే అన్నాడు గానీ మొహం ఆముదం తాగినట్టు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే చుక్కావు గిట్టలకి పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టారు. ఊరి చివర పేరిందేవి ఏంచేసిందనుకున్నారు? మెడలో పలుపు విప్పేసింది. తల్లి ఎటు వెళితే మనం అటు, లాగకూడదు, తొయ్యకూడదు అంది. చెంచురామయ్య సరేనని మాటిచ్చాడు. ఆవు ముందు, కోడలు వెనక, కోడలి వెనక మామ, మామ వెనక చెమటలు తుడుచుకుంటూ గవరయ్య.

కొంత దూరం వెళ్ళారో లేదో మిరపతోట అడ్డొచ్చింది. తోట ఆసామి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మొన్న బండిని పోనిచ్చారు కదా బాబాయిగారూ అని పేరిందేవి అడిగితే, గవరయ్య నా బావమరిది కనక బండిని పోనిచ్చాను, రోజూ మంద నా మిరపకాయల్లో తిరిగితే నేనేం తినాలమ్మా, ఈ ఒక్క ఆవుకే, ఈ ఒక్క రోజుకే అన్నాడు. గవరయ్య ఆకాశం కేసి చూశాడు.

బీట్లోకి వెళ్ళారు. చుక్కావు గడ్డి వాసన చూసి తుమ్మింది. అంతా బోదగడ్డి, ఇంటికప్పుకి పనికొస్తుంది గానీ ముదిరితే పశువు ముట్టదు. గవరయ్య లేతది చూసి కోసి, తిను తల్లీ, తిను బంగారూ అని నోటికందించాడు. ఆవు ఆయన మొహం చూసింది, గడ్డిని చూడలేదు.

"ముందు మీరో పరక తిని చూపించండి బాబాయిగారూ, నేర్చుకుంటుంది," అంది పేరిందేవి.

కుంట దగ్గరికి వెళ్ళింది. పైకి తేటగా, అద్దంలాంటి నీళ్ళు. ఆవు నాలుక పెట్టి వెనక్కి తీసుకుంది. పేరిందేవి దోసిట పట్టి చూస్తే ఆవకాయ జాడీ కడిగిన నీళ్ళు నయం, అంత ఉప్పు. చెంచురామయ్యకి అప్పుడు భార్య మెడలో కాసులపేరు కళ్ళముందు కదిలింది.

ఊ ఏదీ? హమ్మయ్య, ఉన్నారు.

ఇంతలో చుక్కావు ఏంచేసిందీ, ఒక్క ఉదుటున రాతికట్టు దూకి దెయ్యం బీట్లోకి వెళ్ళిపోయింది. గవరయ్య వచ్చిన దారినే పరుగు. చెంచురామయ్యకీ పారిపోవాలనే ఉంది. కానీ గోమాత ఎటు వెళితే అటేనని మాటిచ్చాడే. కళ్ళు మూసుకుని, కోడలి చీర కొంగు పట్టుకుని, దండకం చదువుకుంటూ కట్టు దాటాడు.

అక్కడ గరిక మోకాలెత్తు. దెయ్యం భయానికి ఏ పశువూ మెయ్యలేదు మరి. నేరేడు చెట్టు కింద ఊట. చుక్కావు కడుపారా మేసి, కడుపారా తాగి, చెట్టు నీడలో పడుకుని నెమరు వేసింది. చెట్టు మీంచి బుల్లెమ్మ దెయ్యం దిగింది. తెల్లచీర, వెనక్కి తిరిగిన పాదాలు.

"నాకు కీడు చేసేవాళ్ళెవరూ రారు గానీ, మాట్లాడేవాళ్ళూ రారమ్మా," అంది. అందరూ దెయ్యం ఉందా అని అడిగి పోవడమే, ఊటెలా ఉంది అని ఒక్కరన్నా అడగలేదట.

"నేనడుగుతాను పిన్నీ," అంది పేరిందేవి. "రోహిణి కార్తెలో ఈ ఊట ఎండుతుందా?"

ఎండదంది. దారి ఉందా అంటే, మా ఆయన వేసిన బండిబాట ఉత్తరాన ఉంది, ఎవరూ తిరగక ముళ్ళు కప్పేశాయంది. పల్లంలో వాననీళ్ళు నిలుస్తాయి, పాక మాత్రం ఆ దిబ్బ మీద వేసుకోండి అని కూడా చెప్పింది. బీడు ఆవిడ మేనల్లుడిదట. కొనేవాడు లేక ఏడుస్తున్నాడట.

చెంచురామయ్య ఒక కన్ను తెరిచాడు. నోరు తిరక్క, అలవాటు కొద్దీ అదే మాట వచ్చింది.

"అది సరేగానీ... దెయ్యం..."

"ఉంది నాయనా, ఇక్కడే ఉంది," అంది బుల్లెమ్మ.

ఆయన ఆవు కేసి చూశాడు. కళ్ళు అరమూసి హాయిగా నెమరు వేస్తోంది. గుండె చిక్కబట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పనికొచ్చే మాట అడిగాడు. రాత్రిళ్ళు చిరుతపులీ, దొంగా వస్తారా అమ్మా అని.

"నేనుండగానా?" అంది దెయ్యం.

సగం కాసులపేరుకే బీడు వచ్చింది. మిగతా సగం ఆయన కోడలి మెడలో వేశాడు. ఉత్తరపు బాటలో ముళ్ళు కొట్టించి మందని తోలారు. శుక్రవారం శుక్రవారం బుల్లెమ్మకి ముంతెడు మజ్జిగ. మొదట్లో చెంచురామయ్య కళ్ళు మూసుకుని పెట్టి పరిగెత్తేవాడు. తరవాత ఒక కన్ను తెరిచి పెట్టాడు. ఆ తరవాత రెండు కళ్ళూ తెరిచి, చెట్టు కింద చతికిలబడి, బుల్లెమ్మతో ఊరి కబుర్లన్నీ చెప్పి సందె పడ్డాక ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పేరిందేవి దీపం పట్టుకుని ఎదురెళ్ళేది. గవరయ్య బీడు ఇప్పటికీ అమ్మకానికే ఉందట. దెయ్యం లేదని అందరికీ చెబుతున్నాడట, పాపం.

చుక్కావు పాకలోకి వెళ్ళింది, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. ఆగండి, పడుకునే ముందు ఒక్కటి. ఇల్లయినా, నేలయినా, ఉండబోయేవాళ్ళని ముందు నడవనివ్వాలి. ఆ కోడలు పిల్ల ఊరి చివర ఏంచేసింది? పలుపు విప్పి ఆవు వెనక నడిచింది. ఏదీ, నాతో అనండి. పలుపు విప్పి, ఆవు వెనక నడిచింది. చంటీ, నీ గొంతు వినపడలేదు. మళ్ళీ అను.