ఉడుము వదిలేసిన ప్రశ్న

అనగనగా ఒక అడవిలో, జంతువులు కూడా ఎంట్రన్సులు రాసే కాలంలో, చెంగలి అనే ఉడుము ఉండేది. దానికి ఇంగ్లీషులో ఎమ్మే చదవాలని ఆశ. ఏటి అవతల కాలేజీలో ఉన్నవి పదే సీట్లు. రెండేళ్లు వరసగా రాసింది. రెండుసార్లూ సీటు రాలేదు.

"ఇదే ఆఖరుసారి. ఈసారీ రాకపోతే నాతో పుట్టలు తవ్వడానికి వచ్చెయ్" అన్నాడు నాన్న.

చెంగలికి ఇంగ్లీషు బాగానే వచ్చు. చిక్కల్లా దాని పట్టుతోనే. ఉడుము కదా! ఒక ప్రశ్నని పట్టుకుందంటే వదలదు.

వడ్రంగిపిట్ట తిరుపాలు మామ దానికి ఇంటి దగ్గరే పరీక్ష పెట్టాడు. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. నిమిషానికోసారి కొమ్మ మీద టక్కుమని కొడుతూ కూర్చున్నాడు.

నాలుగో ప్రశ్న దగ్గరే చెంగలి ఆగిపోయింది. ఖాళీలో 'ఇన్' పెట్టాలా, 'ఆన్' పెట్టాలా? నలభై టక్కులయ్యాక జవాబు తేలింది.

"చూశావా మామా, కరెక్టే!"

"ఒక్క మార్కుకి నలభై నిమిషాలు! ఈ లెక్కన వందకీ అరవై ఆరు గంటల నలభై నిమిషాలు. పరీక్షకి అన్నం మూట కట్టుకెళ్తావేంటే?" అన్నాడు మామ.

చెంగలి మూతి ముడుచుకుంది. కానీ లెక్క తప్పని అనలేకపోయింది. ఇసుకలో గోటితో రాసుకుంది. పాసేజీల ప్రశ్నలు ఇరవై, వాటికి ముప్పై నిమిషాలు. మిగతా ఎనభైలో ఒక్కోదానికి అర నిమిషం, అంటే నలభై. మిగిలిన ఇరవై నిమిషాలూ వదిలేసినవాటికి.

మామ రెండోసారి పెట్టిన పరీక్షలో పన్నెండో ప్రశ్నకి జవాబు తట్టలేదు. ధైర్యంగా వదిలేసింది. కానీ జవాబు షీటులో పన్నెండో వరస గుండ్రాల్ని నింపకుండా వదలడం మరిచిపోయింది. పదమూడో జవాబు పన్నెండులో పడింది, పద్నాలుగోది పదమూడులో పడింది. చివరిదాకా అదే వరస. వచ్చినవి పదిహేడు మార్కులు!

"ప్రశ్నని వదిలితే దాని గుండ్రాల్ని కూడా వదలాలే పిచ్చిదానా!" అని మామ నెత్తి కొట్టుకున్నాడు.

మూడోది అసలు పరీక్ష. అరవై ఒకటో ప్రశ్న ఒక మాటకి అర్థం అడిగింది. ఎక్కడో చదివిందే. నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు. చెంగలి గోళ్లు బల్లలోకి దిగాయి. గోడ గడియారంలో నిమిషం గడిచిపోయింది. ఇంకా ముప్పై తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఇదొక్కటి కావాలా, ఆ ముప్పై తొమ్మిదీ కావాలా?

"మళ్లీ వస్తాలే" అని ఆ ప్రశ్నకి మెల్లగా చెప్పి, గోళ్లు ఒక్కొక్కటే పైకి తీసింది. ఆ వరస ఖాళీగా ఉంచి అరవై రెండుకి వెళ్లింది.

వందోది అయ్యేసరికి పంతొమ్మిది నిమిషాలు మిగిలాయి. వదిలేసినవి తొమ్మిది. వెనక్కి వెళ్లి చూస్తే ఆరింటికి జవాబులు తట్టాయి. అరవై ఒకటి మాత్రం తట్టలేదు. ఈలోగా గంట కొట్టేశారు.

పది పేర్ల జాబితాలో చెంగలిది తొమ్మిదో పేరు. మార్కులు డెబ్భై ఎనిమిది.

"మరి మిగతా ఇరవై రెండు?" అన్నాడు నాన్న, నవ్వు ఆపుకుంటూ.

"అవి నేర్చుకోడానికేగా నాన్నా ఏరు దాటుతున్నది!" అంది చెంగలి, సంచీ భుజాన వేసుకుంటూ.

నీతి: రాని ఒక్కదాన్ని పట్టుకుని కూర్చుంటే వచ్చినవాటికి సమయం మిగలదు. వదలాల్సినప్పుడు వదిలి ముందుకెళ్లడం కూడా చదువులో భాగమే.