కన్ను దిద్దని చిలక

ఆ గుడ్డ బూట్లు అలా గోడవారగా పెట్టవే లాస్యా. ఊరు మారిపోతున్న స్నేహితురాలికని పొద్దుట్నుంచీ రంగులేస్తున్నావు, ఇంకా అవలేదా? రంగు పాకిపోయిందని మూతి ముడుచుకుంటే ఏం లాభం? పాలు తాగించని గుడ్డ రంగు నిలుపుకోదు. రా, పడుకో. నువ్వూ జరగరా చైతూ, కాళ్ళు నా మీద వెయ్యకు.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికో ఏరు. ఏటి ఒడ్డున పేరిందేవి అని ఒక కోడలు ఉండేది. గుడ్డ జోళ్ళ మీద బొమ్మలు వెయ్యడం ఆ ఇంటి పని. గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఎండబెట్టి, వెదురు కలంతో ఎవరడిగిన బొమ్మ వాళ్ళకి వేసేది. ఆ ఊరి రాజుగారు తన జోళ్ళ మీద తామరపూలు వేయించుకున్నాడట. ఆ పూలు మాసిపోతాయని నేలమీద కాలు పెట్టకుండా పల్లకీలో బోయీల చేత మోయించుకు తిరిగేవాడు. నవ్వకండర్రా, రాజుల తెలివి అంతే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బొమ్మంతా వేసి, కన్ను మాత్రం ఆఖర్న దిద్దాలి. కన్ను దిద్దితే బొమ్మకి ప్రాణం వచ్చినట్టు. ఇక జోళ్ళు ఇంట్లో ఉంచకూడదు, ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఊ కొట్టండి మరి, గోడకి చెబుతున్నానా?

పేరిందేవికి ఒక్కతే కూతురు, తాయారు. నాకూ జోళ్ళు కావాలి, జామకాయ కొరికే చిలకలుండాలి అని కొంగు పట్టుకు తిరిగేది. ఊరందరివీ అయ్యాక నీవేనమ్మా అనేది తల్లి. చివరికి మొదలుపెట్టింది. ముక్కు వేసింది, రెక్క వేసింది, జామకాయ వేసింది. కన్ను దిద్దే లోపల పిల్లకి అమ్మవారు పోసి, ఆ ఒళ్ళు కాలే జ్వరంలోనే పోయింది.

అవునమ్మా, పోయింది. కథల్లోనూ పోతారు.

పదకొండో రోజున పోయిన వాళ్ళ పేర గొడుగూ జోళ్ళూ దానం ఇస్తారు, అవతల దారి కాలే ఇసక గనక. ఆ చిలకల జోళ్ళకి కన్ను దిద్ది ఇయ్యవే అంది అత్తగారు. పేరిందేవి ఒప్పుకోలేదు. కన్ను దిద్దితే చిలకలెగిరిపోతాయి, వాటితో నా పిల్లా పోతుంది అనుకుని, జోళ్ళు తీసి బియ్యం కుండలో దాచేసింది.

ఆ మర్నాడు దీపాలు పెట్టే వేళ గడప అవతల తాయారు నిలబడి ఉంది! దెయ్యమా అంటావేంట్రా, కన్నతల్లికి పిల్ల దెయ్యమెలా అవుతుంది? అమ్మా, నా జోళ్ళయ్యాయా అని అడిగింది. గుడ్డ ఆరలేదు తల్లీ, రేపు రా అంది. మర్నాడూ వచ్చింది. రంగు ఊరలేదు తల్లీ అంది. ఆ మర్నాడూ వచ్చింది.

గుడ్డ ఆరలేదు, రంగు ఊరలేదు,
కరక్కాయ నూరలేదు, వెదురు పుల్ల ఊరు చేరలేదు.

ఇలా రోజూ ఒక వంక. రోజూ పిల్ల వస్తోంది గదా అని ఆ తల్లికి అదే పండగ. పగలంతా సంధ్యవేళ కోసం కూచునేది. ఊళ్ళో ఎవరి జోళ్ళూ ముట్టుకోలేదు.

ఒకనాడు చూస్తే పిల్ల కాలు మార్చి కాలు మీద గెంతుతోంది. ఏమిటమ్మా, తొక్కుడుబిళ్ళా అని నవ్వుతూ అడిగింది తల్లి.

"ఆట కాదమ్మా, కాలుతోంది. నాతో వచ్చిన వాళ్ళందరూ జోళ్ళేసుకుని వెళ్ళిపోయారు. నువ్వు రేపు, రేపు అన్నావని నేనిక్కడే ఉన్నా."

అప్పుడు చూసింది పేరిందేవి ఆ పాదాలకేసి. అన్నీ బొబ్బలే. నా కళ్ళకి కనబడుతుందని దీన్ని ఇన్నాళ్ళూ నిప్పుల మీద నిలబెట్టానా అని గుండె బాదుకుంది. బియ్యం కుండలోంచి జోళ్ళు తీసింది. ఒక చిలకకి కన్ను దిద్దింది. రెండో దానికి చెయ్యి రాలేదు. అదీ దిద్దమ్మా అంది పిల్ల. దిద్దింది. కళ్ళనీళ్ళు బొటబొటా ఆ చిలకల మీదే పడ్డాయి. పాలు తాగిన గుడ్డ గదా, రంగు చెదరలేదు.

తాయారు ఊళ్ళోవాళ్ళ జోళ్ళతో ఆడుకునేటప్పటిలాగే కుడిది ఎడమకి వేసుకుంది. పేరిందేవి అలవాటుగా గడప దాటి వంగి, మార్చి తొడిగింది. పాదాలు చల్లబడ్డాయి. పిల్ల వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదమ్మా. కొత్త జోళ్ళేసుకున్న పిల్లలు వెనక్కి చూస్తారా? జోళ్ళకేసి చూసుకుంటూ పోతారు.

తరవాత ఇంకెప్పుడూ రాలేదు. పేరిందేవి ఏడ్చీ ఏడ్చీ, ఒకరోజు లేచి గేదెపాలు కాచింది. ఊళ్ళో ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లలందరికీ ఎవరడిగిన బొమ్మ వాళ్ళకి వేసిచ్చింది. పిల్లలు ఆ జోళ్ళతో వీధంతా పరుగులు. వాళ్ళని చూసి రాజు కూడా సిగ్గుపడి పల్లకీ దిగాడు. అందరూ సుఖంగానే ఉన్నారు. చిలక బొమ్మ ఎవరైనా అడిగితే మాత్రం, కన్ను దిద్దేటప్పుడు కాసేపు ఆగేది.

పోవలసిన వాళ్ళని కాళ్ళు కాలకుండా పంపాలర్రా. పట్టుకు కూచోడం ప్రేమ కాదు. లాస్యా, నిద్రపోయావా? నీ బూట్ల మీద చిలక్కి కన్ను లేదేమిటే అని సాయంత్రమే చూశాన్లే. అవి అవకపోతే నీ స్నేహితురాలి ప్రయాణం ఆగుతుందటే? పొద్దున్నే లేచి దిద్ది, ఆ పిల్ల బండెక్కే లోపల ఇచ్చిరా. ఏడవకు, ఇలా రా, కొంగు కప్పుతాను.

కథేమో కంచి దారి పట్టింది, మనమిక కళ్ళు మూసుకుందాం.