కోడలి సొరుగులు, మామగారి నైరుతి

అనగా అనగా... మరీ రాజులకాలం కాదర్రా, కరెంటున్న కాలమే, ఒక ఊళ్ళో గవర్రాజు గారని ఒకాయన ఉండేవాడు. ఊరి పేరు అడక్కండి, వాళ్ళు మనకి దూరపు చుట్టాలు. ఒరే యశ్వంతూ, రాజు కథే కావాలన్నావుగా, పేరులో రాజున్నాడు, సర్దుకో.

ఆ గవర్రాజు గారికి వాస్తు పిచ్చి. నైరుతి ఎత్తుండాలి, ఈశాన్యం పల్లముండాలి అని పొద్దున్న లేస్తే అదే జపం. మంచం ఇటు జరిపేవాడు, బిందె అటు జరిపేవాడు, వాళ్ళావిడ కూర్చున్న పీటని ఆవిడ లేవకుండానే జరిపేవాడు. ఆయన కొడుకు సూరిబాబు. కోడలు హైమ. ఊ కొడుతున్నారా?

పాపం, హైమ కాపరానికొచ్చి ఆర్నెల్లయింది గానీ ఆ ఇంట్లో చీర పెట్టుకోడానికి చోటు లేదు. ఉన్న బీరువాల నిండా అత్తగారి ఇత్తడి, మామగారి పంచాంగాలు. ముప్ఫై ఏళ్ళ పంచాంగాలర్రా, అయిపోయిన తిథుల్ని ఏం చేసుకుంటాడో! ఆ పిల్ల బట్టలేమో మంచం కింద సూట్‌కేసులో. చీర కావాలంటే ఒంగుని లాక్కోవాలి. రెండ్రోజులుండి పోయే చుట్టంలా ఉంది నా బతుకు అని లోపల్లోపలే ఏడ్చుకునేది.

చివరికి ధైర్యం చేసి మూడు సొరుగుల బీరువా ఒకటి తెప్పించుకుంది. ఇప్పుడు అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయే, మనమే బిగించుకోవాలే, అలాంటిది. సూరిబాబు కాసేపు కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు గానీ, మొత్తానికి బిగించాడు. వింతేమిటంటే, ఒక్క మర కూడా మిగల్లేదు. ఆ పూట మూడు సొరుగులూ హాయిగా జారాయి.

తెల్లారి చూస్తే పై సొరుగు లాగితే రాదు, నడిమిది వస్తే పోదు, కిందది పోతే మళ్ళీ రాదు. అత్తగారు సబ్బు రాసింది. లాగితే రాదు, వస్తే పోదు. సూరిబాబు సొరుగుల మరలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. లాగితే రాదు, వస్తే పోదు. మామగారు నిమ్మకాయ కట్టాడు. నిమ్మకాయ ఎండిపోయింది గానీ సొరుగు కదల్లేదు. ఇదంతా రంపప్పొట్టు సరుకు, శుక్రవారానికి తిన్నగా రాకపోతే వెనక్కి పంపించెయ్యండని ఆయన తీర్పు చెప్పేశాడు. హైమకి గుండె జారిపోయింది. బీరువా పోతే బట్టలు మళ్ళీ మంచం కిందేగా!

గురువారం నాడు ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పక్కన పడేసి, బీరువా ముందు చతికిలబడి చూస్తే, మూడు సొరుగులూ ఒకవైపే వాలున్నాయి. ఒక్కటి వాలితే ఆ సొరుగు తప్పు. మూడూ ఒకవైపే వాలాయంటే, వాటిని తిట్టి ఏం లాభం? పళ్ళెంలో నీళ్ళు పోసి బీరువా నెత్తిన పెట్టింది. నీళ్ళన్నీ ఒక మూలకి పోయాయి. దానికి ఎదురు మూల కాలి కింద చెయ్యి పెట్టి తడిమితే ఏం దొరికిందంటారు? పాము కాదే సహస్రా, పడుకో. వేలెడు మందం చెక్కముక్క! దానికి పసుపూ, కుంకుమబొట్టూ.

సొరుగు వంకర అది జారే పట్టె వల్ల, పట్టె వంకర పెట్టె వల్ల, పెట్టె వంకర కాలు వల్ల, కాలు లేచింది చెక్క వల్ల. మరి చెక్కముక్కకి బొట్టు పెట్టే మనిషి ఆ ఇంట్లో ఎవరు? ఆ, ఆయనే. బీరువా బిగించిన మర్నాడు, అందరూ నిద్రలేవకముందే దాని నైరుతి మూల ఎత్తు చేసేశాడు.

హైమకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. అడిగేస్తే ఆయన పరువు పోతుంది, ఆ కోపం బీరువా మీద పడుతుంది. ఊరుకుంటే బీరువాయే పోతుంది. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు.

కాఫీ పట్టుకెళ్ళి వినయంగా నుంచుని, నైరుతి ఎత్తుండాలంటారు గదండీ, ఆ ఎత్తు కిందే పెట్టాలా, పైన పెట్టినా ఫలిస్తుందా అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆయన్ని వాస్తు సందేహం అడిగిన పుణ్యాత్ములు లేరు. పొంగిపోయి, పైన పెడితే ఇంకా శ్రేష్ఠమమ్మా అనేశాడు. అంతే! ఆ చెక్కముక్కని తీసి, కడిగి, కొత్త బొట్టు పెట్టి, బీరువా నెత్తిన అదే మూల కూర్చోబెట్టింది. ఆయన చూశాడు. తనన్న మాటేగా, కాదనలేక కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఇంకేముంది, లాగితే వచ్చింది, తోస్తే పోయింది. మూడూ అంతే. హైమ సూట్‌కేసు బయటికి లాగి చీరలన్నీ సర్దుకుంది. సర్దుతూ కళ్ళు తుడుచుకుంది, సంతోషానికేలెండి.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే మామగారు, చేతిలో కళ్ళజోడు. ఏ గదిలోకైనా చెప్పకుండా దూసుకొచ్చే మనిషి గడప అవతలే ఆగిపోయి, "అమ్మాయ్, నీ సొరుగులో నా కళ్ళజోడుకి కాస్త చోటుంటుందా?" అని అడిగాడు.

నీ సొరుగు అన్నాడర్రా. ఆ ఇంట్లో ఒక వస్తువుని నీదని హైమతో అనడం అదే మొదలు. "లోపలికి రండి మామయ్యగారూ" అని తనే సొరుగు లాగి చూపించింది.

అంచేత, సొరుగు బిగుసుకుందని సొరుగుని కొట్టకండి, ముందు కాలి కింద చూడండి. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి అడక్కముందే చోటివ్వండి. సరే, కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం.