తుమ్మ గుంజకు సగం కడియం

మల్లవరం రాజుగారికి చెడుగుడంటే ప్రాణం. తన జట్టులో గొప్పవాడికి బంగారు కడియం ఇస్తానని, ఆఖరివాణ్ణి జట్టు నుంచి తీసేస్తానని చాటించాడు. లెక్క తేల్చే పని ఆస్థాన గణకుడు గుణనిధిది.

గుణనిధి బరి దగ్గర తాటాకు విప్పి గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా! ఎదుటి జట్టుకు ఎంత తక్కువగా దొరికితే అంత గొప్ప. ఒక్కసారీ దొరకని తమ బావమరిదిగారు ప్రథములు. నూట పన్నెండుసార్లు దొరికిన ఓబులేసు ఆఖరు."

ఓబులేసు తల వంచుకున్నాడు. బరిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే నాంచారమ్మకు ఒళ్లు మండింది. ప్రతి ఆటలోనూ ముందు కూతకు వెళ్లేది ఓబులేసే. బావమరిదిగారు గీత దాటగా ఆమె ఏనాడూ చూడలేదు. కానీ ఆ మాటంటే తల దక్కుతుందా? బిందె దించి చేతులు జోడించింది.

"మారాజా, అయ్యగారు ఒకరిని మరిచారు. బరి మూలనున్న ఈ తుమ్మ గుంజ ముప్ఫై ఏళ్లుగా ప్రతి ఆటలోనూ ఉంది, ఒక్కసారీ దొరకలేదు. కడియంలో సగం దానికి రావద్దా?"

"తెలివితక్కువదానా!" గుణనిధి మండిపడ్డాడు. "గుంజ ఎన్నడైనా కూతకు వెళ్లిందా? గీత దాటితే కదా దొరికేది!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అందరి చూపులూ బావమరిది మీదికి తిరిగాయి.

రాజు పకపకా నవ్వి కడియం ఓబులేసు చేతికి తొడిగాడు. "బావా, ఈ పూట కూతలన్నీ నీవే!"

పదకొండోసారి దొరికి బోర్లాపడ్డ బావమరిదిగారి ముఖాన నీళ్లు చల్లి లేపింది నాంచారమ్మే.