కొన వాలు మెర్లో

కొన వాలు మీది మెర్లో ద్రాక్ష వైన్ ఈ ఏడు కూడా బ్రదర్ నెరియో నాలుకకి నచ్చలేదు. వరసగా ఇది మూడో ఏడు. మూడేళ్లు వరసగా ఏ వాలు వైన్ అయినా వెనిగర్‌కి పోతే, ఆ వాలు మీది తీగలన్నీ తవ్వి తీసేయాలని ఆ మఠంలో నియమం.

ఉత్తర ఇటలీలో, మంచుకొండల నడుమ ఉన్న మఠం అది. అక్కడి సన్యాసులకి ప్రార్థన తర్వాత ద్రాక్షతోటే లోకం. కొండవాలంతా మెట్లు మెట్లుగా చదును చేసి తీగలు నాటారు. పల్లంలో మెర్లో. దాని మీద నడిమి వాలుల్లో తెరోల్దెగో, కాబర్నె అనే ముదురు ఎర్ర రకాలు. అన్నిటికంటే పైన, గాలి తప్ప మరొకటి నిలవని చోట మళ్లీ మెర్లో.

ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే తపస్కాలంలో కొత్త వైన్ల రుచి చూస్తారు. ఆ పని ఒక్కరిదే. ఆయన నేలమాళిగలోకి దిగి, ఒక్కో పీపాలోంచి కొంచెం కొంచెం పోసుకుని, నోట్లో తిప్పి, ఇత్తడి గిన్నెలో ఉమ్మేస్తాడు. ఆ తర్వాత పీపా మీద సుద్దముక్కతో గుర్తు పెడతాడు. సిలువ గీస్తే పూజకి. అడ్డగీత గీస్తే భోజనాల బల్లకి. సున్నా చుడితే వెనిగర్‌కి. ఆ గుర్తు మీద మఠాధిపతి కూడా మాట్లాడడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తీగలు పెంచేవాళ్లు నేలమాళిగ గడప తొక్కకూడదు. రుచి చూసేవాడు వాలుల మీదికి వెళ్లకూడదు. పెంచినవాడి మొహం గుర్తొస్తే నాలుక మొహమాటపడుతుందని పెద్దల భయం.

రుచి చూసే పని ఏళ్ల తరబడి ఫాదర్ సెవెరినోది. నెరియో ఆయన శిష్యుడు. కళ్లు మూసి గ్లాసు చేతికిస్తే అది ఏ వాలు వైనో చెప్పగలిగేవాడు. అలాంటి నాలుక తనకి కూడా లేదని సెవెరినో ఒప్పుకునేవారు. మూడేళ్ల కిందట ఆయన్ని ఇంకో మఠంలో వైన్ పని చక్కబెట్టడానికి పంపించాల్సి వచ్చినప్పుడు, సుద్దముక్క నెరియో చేతికి వచ్చింది.

సెవెరినో ఈ పనికి తపస్కాలమంతా తీసుకునేవారు. పొద్దున్నే దిగి, ఒక గ్లాసు రుచి చూసి, ఇవాళ్టికి చాలని పైకి వచ్చేసేవారు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులని నెరియో అనుకునేవాడు. తన చేతికి పని వచ్చాక మొత్తం ఒక్క పూటలో ముగించాడు. ఇన్నాళ్లూ ఇది ఒక్క పూట పనేనా అని మఠాధిపతి అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మాట నెరియోకి కాస్త తలకెక్కింది. వయసులో ఉన్నవాడు, ఎక్కకపోతేనే వింత.

ఆ ఏళ్లలో మఠం వెనిగర్‌కి కింద లోయలో మంచి పేరొచ్చింది. జనం సీసాలు పట్టుకుని కొండెక్కి వచ్చేవారు. వెనిగర్ అంత బాగా ఎందుకుంటోందని మఠంలో ఎవరూ ఆలోచించలేదు.

ఈసారి గుర్తులు పెట్టిన సాయంత్రం భోజనాల గదిలో మఠాధిపతి తీర్పు చదివాడు. కొన వాలుకి సున్నా అనగానే అందరూ సూప్ గిన్నెల్లోకి చూశారు.

ఆ వాలు బ్రదర్ బాస్టియానోది. ఒకప్పుడు అక్కడ ఉత్త రాయి ఉండేది. అంత ఎత్తులో ద్రాక్ష ఏమిటని నవ్వినవాళ్లు నవ్వుతుండగా ఆయన కింది నుంచి తట్టతో మట్టి మోసి మడులు కట్టాడు. వాన వచ్చినప్పుడల్లా మట్టి కిందికి జారేది. జారిన మట్టిని మళ్లీ తట్టకెత్తుకుని పైకి మోసేవాడు. మొదటి కాపు పీపాకి ఎక్కిన ఏడే సెవెరినో మఠం వదిలి వెళ్లారు. అంచేత ఆ వాలు వైన్ రుచి నెరియోకి తప్ప ఇంకెవరికీ తెలీదు. పెంచిన బాస్టియానోకి అసలే తెలీదు.

ఆయన చెంచా కింద పెట్టాడు.

"ఎప్పటి నుంచి తవ్వమంటారు?" అని అడిగాడు.

"వానలు పడేలోగా అయిపోవాలి," అన్నాడు మఠాధిపతి.

"అయితే రేపే మొదలుపెడతాను."

తర్వాత చెంచా తీసుకుని సూప్ తాగడం ముగించాడు. నెరియో మాత్రం తన గిన్నె పక్కకి నెట్టేశాడు. అతను లేచి సెవెరినో గదికి వెళ్లాడు. పెద్దాయన మఠానికి తిరిగొచ్చి వారమైంది. కిటికీ దగ్గర కూర్చుని చినిగిన మేజోడు కుట్టుకుంటున్నారు.

"ఫాదర్, ఉన్నమాటే చెప్పాను. అయినా మనసు బాగాలేదు," అన్నాడు నెరియో.

"ఉన్నమాట చెబితే మనసు ఎందుకు బాగుండదు?"

"బాస్టియానో మొహం చూశాను. జాలేసింది. కానీ జాలిపడి గుర్తులు మారిస్తే ఇక ఆ పని ఎందుకు? మీరే కదా నేర్పారు."

"నేనే నేర్పాను." సెవెరినో దారం కొరికి మేజోడు పక్కన పెట్టారు. "ఎలా చూశావు?"

"పల్లం నుంచి మొదలుపెట్టి, వాలు తర్వాత వాలు, కొన దాకా. అన్నీ ఒక్క పూటలోనే."

ఆ చివరి మాట దగ్గర గురువు మెచ్చుకుంటారేమోనని నెరియో ఆగాడు. ఆయన మరో ప్రశ్న వేశారు.

"మధ్యలో ఏమైనా తిన్నావా?"

"తపస్కాలం కదా ఫాదర్. రొట్టె సంగతి అటుంచండి, మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"రేపు పొద్దున్న నేలమాళిగకి రా. నేను పోస్తాను, నువ్వు చెప్పు," అన్నారు సెవెరినో.

పొద్దున్న నేలమాళిగలో దీపం వెలిగించి, నెరియోని గోడవైపు తిప్పి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. పీపాల వరస అతని వెనక ఉంది. మెట్ల దగ్గర పల్లం పీపాలు, లోపల చివరికంటా కొన వాలు పీపాలు. పైన చిన్న గవాక్షంలోంచి చల్లగాలి వస్తోంది. ఎక్కడో ఎత్తున గునపం రాయికి తగిలిన చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. అదేమిటో ఇద్దరికీ తెలుసు.

మొదటి గ్లాసు వచ్చింది. నెరియో వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేశాడు.

"పల్లం మెర్లో. మొదటి పీపా. ప్లమ్ పండు, వెనక కొంచెం మిరియం. గొంతుకి మెత్తగా ఉంది. పూజకి."

తప్పులేదు. ఆ పీపా మీద నెరియో గీసిన సిలువే ఉంది. సెవెరినో గ్లాసు కడిగి రెండోది పోశారు. దాన్ని కూడా సరిగ్గా చెప్పాడు. తెరోల్దెగో పీపాలు వచ్చాయి. నల్లగా, చిక్కగా, నాలుకని పట్టుకునే వైన్ అది. తర్వాత కాబర్నె. అది ఇంకా గట్టిది. ఏ పీపా ఏదో ఒక్కదాంట్లో కూడా పొరపడలేదు. వింటున్నవాళ్లు ఇంకొకరుంటే చప్పట్లు కొట్టేవారే.

ఇక మిగిలింది కొన వాలు. గురువుగారి అడుగుల చప్పుడు మెట్ల వైపు వెళ్లి వెనక్కి వచ్చింది. నెరియో దాన్ని పట్టించుకోలేదు. తర్వాత రావలసింది ఏమిటో అతనికి తెలుసు.

గ్లాసు చేతికి వచ్చింది. నోట్లో పోసుకోగానే అతని మొహం ముడుచుకుపోయింది.

"ఇదే ఫాదర్. మూడేళ్లుగా ఇదే. పచ్చి పోకచెక్క నమిలినట్టు ఒకటే వగరు. పండు లేదు, వాసన లేదు. నాలుక ఎండిపోతోంది. నాకు బాస్టియానో మీద కోపమేమీ లేదు. కానీ దీన్ని ఇంకేమనగలను?"

"గుర్తు?"

"సున్నా."

సెవెరినో గూట్లోంచి సుద్దముక్క తీసుకున్నారు. నెమ్మదిగా నడిచి వెళ్లి మెట్ల పక్కనున్న మొదటి పీపా దగ్గర ఆగారు. దాని మీది సిలువని అరచేత్తో తుడిచి, అక్కడ సున్నా చుట్టారు.

నెరియో ఇటు తిరిగి చూశాడు.

"ఫాదర్, అది పల్లం పీపా."

"నువ్వు తాగింది ఇందులోదే."

నెరియో నవ్వబోయాడు. గురువుగారి మొహంలో నవ్వు లేదు. చేతిలో గ్లాసు అడుగున ఇంకా ఒక గుక్క మిగిలి ఉంది. దాన్ని మళ్లీ నోట్లో పోసుకున్నాడు. మళ్లీ అదే వగరు. ఇందాక ప్లమ్ పండని తాను చెప్పిన వైన్ ఎక్కడికి పోయిందో వెతికాడు. దొరకలేదు. పళ్ల మీద నాలుక ఆనించి చూసుకున్నాడు. నేరేడుపళ్లు అదే పనిగా తిన్నవాడి నోరులా గరుకుగా, మొద్దుగా తగిలింది. వరసగా నోట్లో పోసుకున్న తెరోల్దెగో, కాబర్నెల పట్టు ఇంకా వదల్లేదు.

గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అయితే కొన వాలు వైన్ మంచిదా?" అని చివరికి అడిగాడు.

"నాకేం తెలుసు? నేను దాన్ని రుచి చూడలేదు."

"ఇప్పుడు చూడండి ఫాదర్. మీరు చూసి చెప్పండి."

"గుర్తు పెట్టింది నువ్వు."

"మరి బాస్టియానోకి ఏం చెప్పను?"

"నీకు తెలిసింది చెప్పు."

నెరియో మెట్లెక్కి బయటికొచ్చి కొండ మీదికి పరుగెత్తాడు. కొన వాలు మీద అతను కాలు పెట్టడం అదే మొదటిసారి. అక్కడ గాలికి మనిషి నిటారుగా నిలబడలేడు. మడులన్నీ మూరెడు వెడల్పే ఉన్నాయి. వాటికి దన్నుగా పేర్చిన రాళ్లలో ఒక్కటి కూడా వదులుగా లేదు. తీగలు పొట్టిగా, గట్టిగా, నేలని కరుచుకుని ఉన్నాయి. మొదటి వరస మాత్రం లేదు. దాని తీగలు వేళ్లు పైకి పెట్టుకుని పక్కన పడి ఉన్నాయి. బాస్టియానో రెండో వరస మొదట్లో గునపం ఎత్తాడు.

"ఆపండి," అన్నాడు నెరియో.

బాస్టియానో గునపం దించాడు. "ఏమైంది బ్రదర్?"

దారి పొడుగునా నెరియో చాలా మాటలు కూర్చుకున్నాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇప్పుడు పనికి రాలేదు.

"మీ వైన్ ఎలా ఉంటుందో నాకు తెలీదు," అన్నాడు.

"ఈ ఏడా?"

"మూడేళ్లూ తెలీదు. తెలుసనుకుని చెప్పాను."

బాస్టియానో చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. కోప్పడతాడని నెరియో ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన తవ్వేసిన వరస వైపు కాసేపు చూసి అక్కడే రాతికట్టు మీద కూర్చున్నాడు.

"నా చేతులే మంచివి కావనుకున్నాను బ్రదర్," అన్నాడు. "రెండో ఏడు కూడా వెనిగర్ అన్నప్పుడు, నేను ముట్టుకున్నందుకే అలా అవుతోందేమోనని, కోతకి ఇంకొకరిని పంపమని అడిగాను."

నెరియో తల దించుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. బాస్టియానో అతన్ని ఊరుకోమనలేదు. తర్వాత నెరియో పడి ఉన్న తీగ ఒకటి తీసి గుంటలో నిలబెట్టబోతే బాస్టియానో వద్దన్నాడు.

"వేళ్లు తెగాయి. అది బతకదు."

మర్నాడు పొద్దున్న గురుశిష్యులు మళ్లీ నేలమాళిగలోకి దిగారు. సెవెరినో కొన వాలు పీపాలోంచి ఒక్క గ్లాసు పోసి నెరియో చేతికిచ్చారు. ముందు వేరే గ్లాసు లేదు, తర్వాత కూడా లేదు.

నెరియో తొందరగా ఏమీ చెప్పలేదు. ఒక గుక్క తీసుకున్నాడు. వగరు ఉంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా కాసేపుండి పక్కకి తప్పుకుంది. వెనక నల్లటి చెర్రీ పండు, చలి, వాన వెలిసిన రాతి వాసన. పల్లం మెర్లోలో ఉన్న మెత్తదనం ఇందులో లేదు. ఇందులో ఉన్నది పల్లం మెర్లోలో ఎప్పుడూ లేదు. నిన్న తనని విసిరి కొట్టిన గాలి అతనికి గుర్తొచ్చింది. ఉమ్మడం మరిచి మింగేశాడు.

"ఇంకా కుదురుకోలేదు ఫాదర్. రెండేళ్లు పీపాలో ఉంచాలి," అన్నాడు. "తర్వాత బల్లకి. పూజకో కాదో అప్పుడు చూడాలి."

సెవెరినో తానొక గుక్క తాగి తలూపారు. నెరియో సున్నాని తుడిచి అడ్డగీత గీశాడు. గీత కాస్త వంకర పోయింది.

సుద్దముక్క గూట్లో పెట్టి అతను అక్కడే నిలబడ్డాడు.

"పైన ఒక వరస పోయింది ఫాదర్. దానికి నేనేం చెయ్యను?"

"నాటు."

"నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది."

"పడుతుంది," అన్నారు సెవెరినో, దీపం చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ. "నీకేం తొందర?"